ఖాళీ బీచా, కిక్కిరిసిన అలా? వరంగల్ నుంచి సర్ఫింగ్‌కు పోతే ఏది మేలు

హన్మకొండ, కాజీపేట కుర్రాళ్లు సర్ఫింగ్ మాటెత్తగానే అడిగేది ఒకటే: “అన్నా, అలలు ఎక్కడ మంచిగుంటయ్?” నాకైతే అలల కంటే ముందు జనం సంగతి తేల్చుకోవాలనిపిస్తుంది. మనకు దగ్గరి తీరమే మూడు వందల కిలోమీటర్ల దాకా ఉంటుంది. విశాఖ, చెన్నై అయితే ఐదు వందలు దాటుతాయి. అంత దూరం పోయి, దొరికిన రెండు పొద్దుల్లో ఎవరి అలకో అడ్డం పడి తిట్లు తిని వస్తామా, నాలుగు అలలైనా హాయిగా ఎక్కి వస్తామా అన్నది మనం ఎక్కడ, ఏ రోజు, ఏ మూలన నీళ్లలోకి దిగామన్న దాన్ని బట్టే ఉంటుంది.

మన ముందున్న దారులు నాలుగు. విశాఖలో రుషికొండ, చెన్నై దగ్గర కోవళం, దానికి ఇంకొంచెం దక్షిణాన మహాబలిపురం. ఇవేవీ వద్దనుకుంటే జనం లేని ఏదో ఒక తీరం. చివరిదాంతోనే మొదలుపెడతాను, కొత్తవాళ్లందరి మనసూ ముందు అటే లాగుతుంది కాబట్టి.

“ఎవ్వలు లేని జాగకు పోదాం బావా, పడ్డా లేచినా చూసెటోడు ఉండడు” అంటాడు మా బామ్మర్ది. పడినప్పుడు చూసేవాడు లేకపోతే సిగ్గు ఉండదు, నిజమే. మునిగినప్పుడు కూడా చూసేవాడు ఉండడు మరి. అలలు ఒడ్డు మీదికి తోసిన నీళ్లన్నీ వెనక్కి పోవడానికి ఎక్కడో ఒక దారి చేసుకుంటాయి. ఆ దారిలో అలలు విరగవు, నురుగు తక్కువ, నీళ్లు నున్నగా కనిపిస్తాయి. తెలియనివాడు ‘ఇక్కడ నిమ్మళంగా ఉంది’ అనుకుని సరిగ్గా అక్కడే దిగుతాడు. ఆ ప్రవాహానికి ఎదురు ఒడ్డుకు ఈదాలని చూస్తే కాసేపటికి చేతులు పడిపోతాయి. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, ఆ దారి దాటాక ఒడ్డుకు తిరగాలి. బోర్డు మాత్రం వదలకూడదు, ఆ సమయంలో మనల్ని తేల్చి ఉంచేది అదే. ఇవన్నీ చదివితే తెలుస్తాయి. నోట్లోకి ఉప్పునీళ్లు పోయినప్పుడు గుర్తు చేయడానికి మాత్రం పక్కన ఒక మనిషి ఉండాలి. మన దగ్గర బాయిలో ఈత నేర్చినోళ్లకు నీళ్ల భయం ఉండదు. పాకాల, లక్నవరం చెరువులు చూసి పెరిగినవాళ్లం. కానీ ఆ నీళ్లు ఒకచోట నిలిచి ఉంటాయి, మనిషిని లాక్కుపోవు. వేసవిలో సూర్యలంకకో ఇంకో బీచ్‌కో పోయి కొట్టుకుపోయినవాళ్ల వార్తలు చూస్తూనే ఉన్నాం. అలల లెక్క బాగా తెలిసిన ఇద్దరు ముగ్గురు కలిసి పోతే ఖాళీ తీరం స్వర్గమే. మిగతావాళ్లకు జనం ఉన్నచోటే మేలు.

ఇక ఆ జనం ఎలాంటి జనం అన్నదే ప్రశ్న.

మహాబలిపురంలో షోర్ టెంపుల్ పక్కన అల విరుగుతుంది. దక్షిణం నుంచి వచ్చే అలలు అక్కడి రాళ్లను చుట్టి తిరిగి, ప్రతిసారీ దాదాపు ఒకే చోట విరగడం మొదలుపెట్టి, ఒడ్డు వైపు చూసే సర్ఫర్‌కు కుడిచేతి వైపుగా సాగిపోతాయి. అలాంటి అలను పాయింట్ అంటారు. ఒకే చోట మొదలవుతుంది కాబట్టి అందరూ అక్కడే కూర్చుంటారు. ఇరవై మంది ఉంటే ఇరవై మందీ చిన్న గదంత నీళ్లలోనే. 2025 ఆగస్టులో ఆసియా సర్ఫింగ్ ఛాంపియన్‌షిప్ జరిగింది ఈ ఊళ్లోనే. అందులో రమేశ్ బుడిహాళ్ కాంస్యం గెలిచాడు. ఆ స్థాయి ఆట చూసిన ఊరిలో, ఆ స్థాయికి ఎదగాలని రోజూ పొద్దున్నే దిగే స్థానిక పిల్లల మధ్యకు మనం వెళ్తాం. వాళ్లు మంచివాళ్లే, కానీ ఎవడైనా అలను పాడుచేస్తే ఊరుకోరు.

ఎలా పాడవుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. అలలు ఒక్కొక్కటిగా కాకుండా మూడు నాలుగు కలిసి సెట్‌గా వస్తాయి. దూరంగా గీతలా నీళ్లు లేవగానే కూర్చున్నవాళ్లందరూ బోర్డుల మీద పడుకుని చేతులు ఆడించడం మొదలుపెడతారు. అల ఎక్కడ విరగడం మొదలవుతుందో, ఆ నురుగుకు అందరికంటే దగ్గరగా ఉన్నవాడిది ఆ అల. నిబంధన అంతే. అతను లేచి నిలబడ్డాడంటే, అతని ముందు ఇంకా విరగకుండా లేచి ఉన్న నున్నటి నీళ్ల గోడ మొత్తం అతనిదే. ఆ గోడ మీద పది అడుగుల అవతల మనం కూడా “నాకూ దొరికింది” అని లేచామనుకోండి, దాన్నే డ్రాప్ ఇన్ అంటారు. వెనకనుంచి వేగంగా వస్తున్నవాడికి రెండే దారులు: మన మీదికి ఎక్కడం, లేదా అల వదిలి నురుగులో పడటం. బోర్డు అడుగున చేప రెక్కల్లా ఉండే ఫిన్‌లు కాలు కోసేంత పదునుగా ఉంటాయి కాబట్టి ఇది ఒట్టి మర్యాద సంగతి కాదు. పోటీల్లో కూడా వంతు ఉన్నవాడికి అడ్డుపడితే స్కోరులో కోత పడుతుంది. లేవడానికి ముందు మెడ తిప్పి నురుగు వైపు ఒక్కసారి చూడటం అలవాటైతే సగం గొడవలు ఉండవు. ఎవడైనా కనిపిస్తే బోర్డును వెనక్కి లాగి ఆగిపోవాలి.

రెండో తప్పు దీనికంటే తెలివైనది. ఒకడు తన వంతు కోసం వేచి ఉంటాడు. అల వచ్చే ముందు మనం అతని వెనక నుంచి చుట్టి తిరిగి, నురుగుకు ఇంకా దగ్గరగా పోయి కూర్చుంటాం. లెక్క ప్రకారం ఇప్పుడు అల మనదే. బస్టాండ్‌లో బస్సు ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు పట్టినట్టే ఇది. మనకు అలవాటైన విద్యే, కానీ అక్కడ పనికిరాదు. ఒకసారి చేస్తే చూసీ చూడనట్టు ఉంటారు. రెండోసారి చేస్తే ఆ తర్వాత మనకు ఒక్క అల రానివ్వరు. మా బామ్మర్ది దీనికీ వాదించాడు. “సముద్రం ఎవ్వని సొత్తు బావా?” అని. ఎవ్వని సొత్తూ కాదు, అందుకే వరస.

మూడోది లోపలికి పోయే దారి. కొత్తవాళ్లు ఒడ్డు మీద నిలబడి, అల ఎక్కడ విరుగుతోందో అటే సూటిగా ప్యాడిల్ చేసుకుంటూ, అంటే బోర్డు మీద పడుకుని చేతులతో నీళ్లు తోసుకుంటూ, పోతారు. ఎదురుగా అల ఎక్కి వచ్చేవాడికి మనం రోడ్డు మధ్యలో ఉన్నట్టే. అలలు విరగని పక్కదారి నుంచి చుట్టూ తిరిగి పోవాలి. ఎంత జాగ్రత్తపడ్డా ఎప్పుడో ఒకప్పుడు మధ్యలో చిక్కుతాం. అప్పుడు అతని ముందున్న నున్నటి గోడ మీదుగా తప్పించుకోవాలని చూడకుండా, అతని వెనకనున్న నురుగులోకి పోయి ఆ దెబ్బ మనమే తినాలి. చూసేవాళ్లకు ఆ ఒక్క పనితోనే మనకు పద్ధతి తెలుసని అర్థమైపోతుంది. పొరపాటు జరిగితే చెయ్యెత్తి “సారీ అన్నా” అంటే చాలు. అన్నా అన్న పిలుపు అక్కడా ఇక్కడా ఒకటే.

ఇంత చెప్పాక మహాబలిపురం మీద నా తీర్పు: నిలబడటం, ఆపడం, పక్కకు తిప్పడం వచ్చినవాళ్లకే. రానివాళ్లు ఒడ్డున కూర్చుని ఒక గంట చూడండి. ఎవరి తర్వాత ఎవరు పోతున్నారు, ఎవరు ఎవరికి వదులుతున్నారు అన్నది అలా చూస్తేనే కళ్లకు కడుతుంది, పైగా ఖర్చు లేదు.

కోవళం వేరే. ముందుగా ఒక మాట, ఇది కేరళ కోవళం కాదు. చెన్నై నుంచి మహాబలిపురం పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీది జాలరి ఊరు. అక్కడి జాలరి మూర్తి మేగవన్ మొదలుపెట్టిన సర్ఫింగ్ స్కూల్‌తో ఆ ఊరి పేరు దేశమంతా తెలిసింది. 2013లో సర్ఫ్ పండుగ కూడా మొదలైంది. ఇక్కడా పాయింట్ ఉంది, అక్కడా జనం ఉంటారు, వారాంతంలో చెన్నై వాళ్లు దిగితే ఇంకా ఎక్కువ. కానీ కొత్తవాళ్లకు పని అక్కడ కాదు. ఒడ్డుకు దగ్గరగా, అప్పటికే విరిగిన తెల్ల నురుగులో, నడుము లోతు నీళ్లలో నేర్పుతారు. నేర్పేవాడు వెనక నుంచి బోర్డు తోస్తాడు, “లే” అన్నప్పుడు లేస్తాం, పడతాం. అక్కడ రద్దీ అంటే మనలాంటి కొత్తవాళ్ల రద్దీయే. గుద్దుకున్నా మెత్తటి బోర్డులు. ముఖ్యంగా మన పక్కన ఉన్నవాడు ఆ ఊరి మనిషి. మన చేత తప్పు జరిగితే ముందు ఆయనే మనల్ని కసురుకుంటాడు, బయటివాళ్లతో ఆయనే సర్దుకుంటాడు. కొత్త ఊళ్లో అంతకంటే ఏం కావాలి?

కోవళంలో మనవాళ్లు గమనించనిది ఇంకొకటి. పొద్దున్నే పడవలు ఒడ్డుకు చేరుతుంటాయి. ఇంజిన్ చప్పుడు వినిపిస్తే ఎవరి వంతైనా సరే పక్కకు జరగాలి, పడవకు బ్రేకు ఉండదు. ఇసుక మీద ఆరేసిన వలలను తొక్కుకుంటూ పోవడం, వాటి మీద బోర్డులు పెట్టి ఫొటోలు దిగడం అస్సలు వద్దు.

రుషికొండలో ఉన్న పెద్ద సుఖం భాష. గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో దిగుతాం, వందేభారత్ కూడా వరంగల్‌లో ఆగుతుంది. ఇసుక అడుగున్న తీరం కాబట్టి అల ఒకేచోట విరగదు, ఇక్కడ కాసేపు, అక్కడ కాసేపు. దాంతో సర్ఫర్లు పరుచుకుని ఉంటారు, వంతుల కొట్లాట తక్కువ. అసలు రద్దీ స్నానాలకు దిగినవాళ్లది. వాళ్లకు సర్ఫింగ్ నియమాలు తెలియవు, తెలియాల్సిన పనీ లేదు. పిల్లాడు ఒకడు సరిగ్గా మన ముందుకు పరిగెత్తుకొస్తాడు. తప్పు మాత్రం ఎప్పుడూ బోర్డు ఉన్నవాడిదే. ఎనిమిది తొమ్మిది అడుగుల బోర్డు, దాన్ని కాలికి కట్టే తాడు, అదే లీష్, అంతే పొడవు. పెద్ద నురుగు వచ్చిందని భయపడి మనం బోర్డు వదిలేసి మునిగామంటే, అది వెనకనున్నవాళ్ల మీదికి పదిహేనడుగుల దాకా పోయి తగులుతుంది. వదిలేముందు వెనక్కి చూడాలి, వీలైతే అసలు వదలకూడదు. స్నానాల జనం పెరిగేలోపు, అంటే ఎండ ముదరకముందే ముగించుకుని బయటికి రావడం ఒక్కటే రుషికొండలో నాకు తెలిసిన ఉపాయం.

రోజు సంగతి కూడా ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. తూర్పు తీరంలో తెల్లవారుజామున గాలి నెమ్మదిగా ఉండి నీళ్లు నున్నగా ఉంటాయి. పొద్దెక్కేకొద్దీ సముద్రం మీది గాలి లేచి అల చెదిరిపోతుంది. అందుకే తెలిసినవాళ్లందరూ ఆరింటికే నీళ్లలో ఉంటారు. మనం శుక్రవారం రాత్రి చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తాంబరంలో దిగి కోవళం చేరేసరికి మంచి గంటలు అయిపోయి ఉంటాయి. మిగిలేది ఆదివారం పొద్దు. వారం మొత్తంలో అంతకంటే రద్దీ పొద్దు లేదు. దానికి బదులు ఆదివారం రాత్రి బయల్దేరండి. సోమవారం సాయంత్రం చూసుకుని, మంగళ, బుధవారాల తెల్లవారుజాము నీళ్లలో దిగితే అదే ఊరు వేరే ఊరిలా ఉంటుంది. ఆఫీసులో సెలవులు ఎక్కువ పెట్టాలి, ఒప్పుకుంటాను. ఏప్రిల్ చివరి నుంచి సెప్టెంబర్ దాకా దక్షిణపు అలలు బాగుంటాయి కాబట్టి ఆ నెలల్లోనే సెలవు దాచుకోవడం మంచిది. అక్టోబర్ తర్వాత తుపాన్ల కాలం, అప్పుడు కొత్తవాళ్లకు పని లేదు.

కాబట్టి ఎవరికి ఏది? బోర్డు ఎప్పుడూ ముట్టుకోనివాళ్లు కళ్లు మూసుకుని కోవళం పోవచ్చు, స్కూల్‌లో ముందుగా మాట్లాడుకుని. ఇంటిల్లిపాదీ వస్తున్నారు, పిల్లలకు సముద్రం చూపించాలి, మధ్యలో ఒక గంట తాను బోర్డు ఎక్కుతానంటే రుషికొండ. ఇద్దరు ముగ్గురు స్నేహితులు, అందరికీ నిలబడటం వచ్చు, వారం మధ్యలో సెలవు దొరికింది అంటే మహాబలిపురం. అక్కడ కూడా గుంపు మధ్యలోకి దూరకుండా, అల సాగిపోయే చివర కూర్చోండి. ముందున్నవాళ్లు పడిపోయినవి, వదిలేసినవి అక్కడికి వస్తాయి. చిన్న అలలే, కానీ మన ఒక్కరివే. ముగ్గురూ ఒకేసారి దిగి ఆ మూలన గుమిగూడితే స్థానికులకు చిర్రెత్తుతుంది, విడివిడిగా దిగండి. మెత్తటి పెద్ద బోర్డు మీద ఉన్నవాళ్లకు ఇంకో మాట: ఆ బోర్డు అలను అందరికంటే ముందే అందుకుంటుంది. అందుతోంది కదా అని వచ్చినవన్నీ ఎక్కకండి, రెండు ఎక్కితే ఒకటి వదలండి.

బోర్డు కొనుక్కుని తీసుకుపోతే ఎలా ఉంటుందని కూడా అడుగుతుంటారు. ఎనిమిదడుగుల బోర్డును రైల్లో పెట్టడానికి టీటీఈతోనూ పక్కవాళ్లతోనూ పడే టెన్షన్ ఒకటి, ఏడాదిలో పదకొండు నెలలు అది హన్మకొండలో గోడకు ఆనుకుని ఉండటం ఇంకొకటి. అద్దెకు తీసుకోండి. ఆ డబ్బుతో ఎండాకాలమంతా స్విమ్మింగ్ పూల్‌కు పోయి భుజాలు గట్టిపడేలా ఈదండి. ప్యాడిల్ చేయలేక అలసిపోయి దారి మధ్యలో ఆగిపోయేవాళ్లే ఎక్కువగా అందరికీ అడ్డం పడేది.