డిష్ పెట్టించి ఎనిమిదేళ్లు దాటింది, వానతోనే నా గొడవ

2017 మార్చి నెలాఖరుతో పాత పద్ధతి కేబుల్ ఆగిపోతుందని, బాక్సు లేకపోతే టీవీలో ఏమీ రాదని ఊళ్లో చెప్పినప్పుడు నేను కేబుల్ బాక్సు తీసుకోలేదు. నెలనెలా కట్టే పని లేని డిష్ పెట్టించాను. డిష్, బాక్సు, వైరు, బిగింపు కూలి అన్నీ కలిపి 1,800 రూపాయలయింది. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఎవరికీ నెల డబ్బులు కట్టలేదు. బొమ్మ అద్దంలా ఉందని మా వీధిలో పది ఇళ్లకు నేనే చెప్పి పెట్టించాను. అందుకే ఈ సమీక్ష కూడా నేనే రాయాలి.

మాది నెల్లూరు జిల్లా అల్లూరు పక్కన ఒక పల్లె. సముద్రం ఐదారు కిలోమీటర్లు. ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. నేను చెప్పబోయేదంతా సముద్రం పక్కన బతికే వాళ్ల బాధ. ఉదయగిరి వైపు ఉండే వాళ్లకు ఇదే డిష్ ఏ ఇబ్బందీ పెట్టకపోవచ్చు.

2023 డిసెంబరు 4 రాత్రి. మిచౌంగ్ తుఫాను తీరం వెంబడే పైకి కదులుతోంది. నెల్లూరుకూ మచిలీపట్నానికీ మధ్య ఎక్కడో దాటుతుందని పొద్దుటి నుంచీ చెబుతున్నారు. ఆ మధ్యలోనే మేమున్నాం. సాయంత్రమే కరెంటు పోయింది, టీవీ ఇన్వర్టర్ మీద నడుస్తోంది. మా అమ్మ దుప్పటి కప్పుకుని టీవీకి రెండు అడుగుల దూరంలో కూర్చుంది. వార్తలు చదివే అమ్మాయి మ్యాపు పక్కన నిలబడి, తీరం గీత మీద వేలు పెట్టి, "తుఫాను రేపు మధ్యాహ్నానికి..." అంది.

అంతే. వేలు మ్యాపు మీదే ఉండిపోయింది, నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ముఖంలో సగం చిన్న చిన్న గళ్లుగా విడిపోయి పక్కకు జరిగింది. రెండు సెకన్లు కీచుమని చప్పుడు వచ్చి, తర్వాత నల్లటి తెర మీద "సిగ్నల్ లేదు" అన్న పెట్టె ఒకటి తేలుతూ నిలిచింది.

"ఏందిరా అబ్బయ్యా, ఆ పిల్ల నిలబడిపోయింది?"

"వానకు సిగ్నల్ పోయిందిమా."

"బొమ్మ లేకపోతే పాయె, మాటన్నా రావాల గదా. యాడ దాటుద్దో చెప్పేలోపలే పోయిందే."

గంటా పది నిమిషాలు రాలేదు. బాక్సు ఆపి వేశాను, వైరు పీకి పెట్టాను, గొడుగు పట్టుకుని మిద్దె ఎక్కబోతే అమ్మ వెళ్లనివ్వలేదు. చివరికి ఒంగోలులో ఉన్న మా చెల్లెలు ఫోన్ చేసి, బాపట్ల వైపంట, భయపడొద్దని చెబితే అప్పుడు పడుకుంది. మరుసటి రోజు మధ్యాహ్నం అది బాపట్ల దగ్గరే దాటింది. ఆ గంటా పది నిమిషాలు ఇంట్లో పడిన టెన్షన్ మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మాటన్నా రావాలి గదా అని అమ్మ అన్నది ఊరికే కాదు. ఆమెకు 1989 నవంబరు గుర్తుంది. కావలి దగ్గర తీరం దాటిన ఆ పెనుతుఫాను రోజున మా ఇంట్లో బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది. నాకప్పుడు పదేళ్లు. మిద్దె మీద జీఐ పైపుకు కట్టిన అల్యూమినియం కడ్డీల ఏంటెన్నా గాలికి గిర్రున తిరుగుతోంది, మా నాయన తాడు పట్టుకుని దాన్ని ఉత్తరానికీ దక్షిణానికీ లాగుతున్నాడు. తెర నిండా చుక్కలే, మనిషి తల ఏదో భుజం ఏదో తెలియదు. కానీ మాట వినబడుతూనే ఉంది. కరెంటు పోయేదాకా వినబడింది. తర్వాత ఏంటెన్నా పక్కింటి వాములో దొరికింది, అది వేరే సంగతి.

పాత పద్ధతికీ కొత్త పద్ధతికీ ఉన్న తేడా అంతా ఇక్కడే ఉంది. అనలాగ్‌లో సిగ్నల్ ఎంత తగ్గితే బొమ్మ అంత పాడవుతుంది. ముందు రంగు పోతుంది, చుక్కలు పడతాయి, గొంతులో బుస్సుమని శబ్దం కలుస్తుంది, అయినా ఎంతో కొంత అందుతూనే ఉంటుంది. డిజిటల్‌లో బొమ్మా మాటా రెండూ అంకెలుగా మారి ఒకే మూటలో వస్తాయి. దారిలో కొన్ని అంకెలు చెడిపోతే బాక్సు తనే సరిదిద్దుకుంటుంది. అందుకే సిగ్నల్ కొంచెం తగ్గినా మనకు తెలియనే తెలియదు, బొమ్మ అద్దంలాగే ఉంటుంది. కానీ సరిదిద్దగలిగిన హద్దు దాటిందంటే ఇక సగం బొమ్మ, పావు మాట అనేవి ఉండవు. మొత్తం పోతుంది. చెరువు కట్ట చివరిదాకా గట్టిగా ఉండి ఒక్కసారిగా తెగినట్టు.

బాక్సు మెనూలో రెండు గీతలు కనిపిస్తాయి, స్ట్రెంత్ అని ఒకటి, క్వాలిటీ అని ఒకటి. మామూలు రోజున మా ఇంట్లో క్వాలిటీ 65 దగ్గర ఉంటుంది. అది 40కి పడిపోయినా బొమ్మలో తేడా రాదు. 30 దగ్గరికి వచ్చేసరికి గళ్లు మొదలవుతాయి, 28కి నల్ల తెర. ఇది నేను వానల్లో కూర్చుని చాలాసార్లు చూశాను. స్ట్రెంత్ గీత ఎంత నిండుగా ఉన్నా దాన్ని చూసి మోసపోవద్దు, క్వాలిటీయే అసలు లెక్క.

వానకే ఎందుకు పోతుందంటే, డిష్‌కు ఆకాశం నుంచి వచ్చే తరంగాల పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. అంత చిన్నవాటిని చినుకులు మింగేస్తాయి, చెదరగొడతాయి. పాత ఏంటెన్నా తరంగాల పొడవు మీటరు పైమాటే, వాటికి వాన లెక్కే కాదు. అప్పట్లో బొమ్మ చెడింది గాలికి ఏంటెన్నా తిరగడం వల్లే. పైగా మా డిష్ చూసేది ఆగ్నేయానికి, దాదాపు నడినెత్తికి దగ్గరగా. తుఫానులు మన మీదికి వచ్చేదీ ఆ దిక్కు నుంచే. కాబట్టి చాలాసార్లు పెరట్లో చినుకు పడకముందే టీవీ పోతుంది. మబ్బు మమ్మల్ని దాటి లోపలికి పోయాక, ఇంటి మీద ఇంకా జల్లు పడుతుండగానే బొమ్మ తిరిగి వస్తుంది. నెల్లూరు జిల్లాలో ఎక్కువ వాన పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. టీవీ మనకు నిజంగా అవసరమయ్యేదీ ఆ మూడు నెలల్లోనే.

ఇది ఏ ఒక్కరి తప్పూ కాదు. డబ్బు కట్టే డిష్ అయినా కట్టని డిష్ అయినా ఇదే బాధ. నేల మీది టవర్ నుంచే డిజిటల్ ప్రసారం ఇచ్చి ఉంటే మనకు ఈ వాన గొడవ ఉండేది కాదు. దూరదర్శన్ 2016లో 16 నగరాల్లో అలా మొదలుపెట్టింది. అందులో చెన్నై ఉంది, మన రాష్ట్రంలో ఒక్క ఊరూ లేదు. తర్వాత 2022 నాటికి నేల మీది అనలాగ్ ట్రాన్స్‌మిటర్లు కూడా దాదాపు అన్నీ ఆగిపోయాయి. పాతది పోయింది, దాని స్థానంలో రావలసింది మా దాకా రాలేదు. నా కోపమంతా ఇదే.

మిచౌంగ్ తర్వాత కావలి నుంచి ఒక డిష్ మెకానిక్ కుర్రాణ్ణి పిలిపించాను. అతను మిద్దె ఎక్కి, డిష్ ముందు ఉండి సిగ్నల్ పట్టే ఎల్‌ఎన్‌బీ అనే భాగం దగ్గర వైరు పిన్ను విప్పి నా చేతిలో పెట్టాడు. రాగి తీగ పచ్చగా చిలుం పట్టి ఉంది. పిన్ను వంచితే రెండు చుక్కల నీళ్లు కారాయి. "వాన పైనుంచి సగం, ఈ పిన్నులోంచి సగం సార్" అన్నాడు. మొదట బిగించిన మనిషి వైరును ఎక్కడా వంపు వదలకుండా బిగుతుగా లాగి గోడ కన్నంలోకి తోసేశాడు. నీరు వైరు పట్టుకుని జారి నేరుగా పిన్నులోకి, గోడలోకి పోతోంది. ఈ కుర్రాడు కొత్త వైరు వేసి, పిన్నుకు ముందు ఒక జానెడు ఉయ్యాలలా కిందికి వేలాడేట్టు వదిలాడు. నీరు ఆ వంపు అడుగున చేరి అక్కడే కారిపోతుంది. పిన్ను చుట్టూ ఎం-సీల్ పెట్టాడు. పనిలో పనిగా రెండడుగుల డిష్ తీసి మూడడుగుల డిష్ పెట్టించాను.

ఆ రోజు నుంచి తేడా కనబడింది. మామూలు వానకు పోవడం పూర్తిగా ఆగింది. అంటే ఆరేళ్లు నేను వానను తిట్టుకున్నదాంట్లో కొంత ఆ పిన్ను తప్పే. మీ ఇంట్లోనూ తుంపరకే టీవీ పోతుంటే ముందు అక్కడ చూపించండి. రెండు వందల ఖర్చుతో తీరిపోవచ్చు.

పెద్ద డిష్‌తో మాత్రం కొత్త చాకిరీ వచ్చింది. అది గాలికి తెరచాపలా నిలబడుతుంది. వేలెడంత కదిలినా సిగ్నల్ పోతుంది కాబట్టి స్టాండు చుట్టూ సిమెంటు దిమ్మె పోయించాను. ఉప్పు గాలికి బోల్టులు ఏడాదికే తుప్పు పడుతున్నాయి, ప్రతి సెప్టెంబరులో గ్రీజు రాస్తున్నాను. నెల డబ్బులు లేవని మొదట చెప్పాను, నిజమే. కానీ ఇవన్నీ కలిపితే ఇప్పటికి ఐదు వేల దాకా అయింది.

అక్టోబరు 2025లో మొంథా వచ్చినప్పుడు ఈ ఏర్పాటంతటికీ పరీక్ష జరిగింది. తుఫాను దాటింది పైన నరసాపురం వైపయినా మాకు కుండపోత వాన. టీవీ మూడుసార్లు పోయింది, అన్నీ కలిపి ముప్పావు గంట. ముందుతో పోలిస్తే మేలే. అయినా ఆ మూడుసార్లలో ఒకసారి సరిగ్గా వాతావరణ వార్తల మధ్యలోనే పోయింది.

కేబుల్ ఉన్న మా పెదనాన్న ఇంట్లో ఆ వానకు బొమ్మ కదల్లేదు. కేబుల్ వాళ్లు పెద్ద డిష్‌లతో పట్టేవి ఇంకాస్త పొడవు తరంగాలు, వాటిని వాన అంతగా ఏమీ చేయలేదు. కానీ మిచౌంగ్ రోజున స్తంభం పడి వాళ్లకు నాలుగు రోజులు ఏమీ రాలేదు. మాకు గంటా పది నిమిషాలకే తిరిగి వచ్చింది. అందుకని కేబుల్‌కు మారమని గట్టిగా చెప్పలేకపోతున్నాను.

మా వీధిలో నేను పెట్టించిన పది ఇళ్లలో ఇద్దరు కేబుల్‌కు వెళ్లిపోయారు, నేను వద్దనలేదు. నేను ఉంచుకున్నాను. ఇంట్లో సీరియళ్లు చూసేవాళ్లు లేరు, వార్తలూ పాత సినిమాలూ చాలు. పైగా బాక్సులో ఆకాశవాణి తెలుగు కూడా వస్తుంది, పొద్దున్నే అమ్మ అదే పెట్టుకుంటుంది. అదీ ఈ డిష్‌లోంచే కాబట్టి కుండపోతలో అదీ పోతుంది. అందుకే అక్టోబరు వస్తే ట్రాన్సిస్టర్‌కు కొత్త బ్యాటరీలు వేసి అలమరలో పెడుతున్నాను.

అమ్మకు ఇప్పుడు ఇదంతా అలవాటైపోయింది. తుఫాను రోజుల్లో కుర్చీ ఆగ్నేయం వైపు కిటికీ దగ్గరికి జరుపుకుంటుంది. వార్తలు వింటూనే ఒక కన్ను మబ్బు మీద వేసి ఉంచుతుంది. "అదిగో నల్లగా లేస్తా ఉంది, గబగబా చెప్పమను ఆ పిల్లని" అంటుంది.