ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ పంప్ మార్పించాక: చాలాకాలం వాడి చెబుతున్న సమీక్ష

పాడైన పంప్‌కి (గేర్‌బాక్స్ ఆయిల్‌కి ప్రెషర్ ఇచ్చేది ఇదే) కొత్త గేర్ల జత, బుష్ (లోపల తిరిగే భాగాన్ని పట్టే లోహపు రింగు), ఫ్రంట్ సీల్ వేయించి, వరదల సీజన్లు దాటించాక చెప్పగలిగిందిది: పని నిలబడింది. నిలబడ్డది పంప్ ఒక్కటి మారినందుకు కాదు, దాన్ని తినేసిన కారణాన్ని కూడా పట్టుకున్నందుకు. ఇదంతా టార్క్ కన్వర్టర్ (ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే డ్రమ్ము) ఉన్న బండ్ల సంగతి. మామూలు గేర్‌బాక్స్‌లోనే క్లచ్, గేర్లు వాటంతటవే మారే ఏఎంటీలో ఇలాంటి పంపే ఉండదు. బెల్టు, పుల్లీలతో నడిచే సీవీటీలో ఉన్నా కొలతలూ ఆయిలూ వేరు.

పంప్ పోతుంటే ముందు చెవికే తెలుస్తుంది. న్యూట్రల్‌లో ఉన్నా సన్నటి కూత వస్తుంది, ఇంజన్ రైజ్ చేస్తే అదీ పెరుగుతుంది. తర్వాత డి లో వేసినా బండి కదలడానికి ఆలస్యం, వేడెక్కాక జారుడు. ఫిల్టర్ మూసుకుపోయినా ఇదే కూత వస్తుంది కాబట్టి, ముందు గేర్‌బాక్స్ అడుగున ఉండే ఆయిల్ పాన్ విప్పి చూడాలి, టెస్ట్ పోర్ట్‌కి గేజ్ పెట్టి ప్రెషర్ కొలవాలి. ఆ తర్వాతే గేర్‌బాక్స్ దించే మాట. పాన్‌లోని అయస్కాంతానికి బూడిదరంగు మెత్తటి పేస్ట్ అంటుకుంటే మామూలు అరుగుదలే. పాన్ అడుగున ఇత్తడిరంగు రజను కనిపిస్తే బుష్, వెండిలా మెరిసే అల్యూమినియం పొట్టు కనిపిస్తే పంప్ బాడీ అరిగిందని అనుమానించాలి.

మన గోదావరి డెల్టాలో అసలు శత్రువు నీరు. కనకాయలంక కాజ్‌వే లాంటిచోట వరదనీట్లో బండి దింపితే గేర్‌బాక్స్‌కి గాలాడే బ్రీదర్ గొట్టంలోంచి నీరు లోపలికి పోతుంది. రెండో దారి రేడియేటర్. సముద్రం వైపు ఊళ్ళలో కూలెంట్ బదులు ఉప్పు బోరునీళ్ళు పోస్తుంటారు. రేడియేటర్ లోపలే ఆయిల్ కూలర్ ఉన్న బండ్లలో అది తుప్పుపట్టి నీళ్ళు ఆయిల్లో కలుస్తాయి. అప్పుడు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్) అచ్చం రాజమండ్రి రోజ్‌మిల్క్‌లా అవుతుంది. నీరు తగిలిన క్లచ్ ప్లేట్ల లైనింగ్ ఊడి ఫిల్టర్‌ని మూసేస్తుంది, ఆయిల్ అందక పంప్ అరిగిపోతుంది. కాబట్టి ఆ రంగు కనిపిస్తే ప్లేట్లు, రేడియేటర్ కూడా మార్చాల్సిందే. ఖర్చు తగ్గుతుందని పంప్‌తో సరిపెట్టమనే మెకానిక్ మాట వినకండి.

పంప్ విప్పేటప్పుడు గేర్లు ఏ ముఖం ఎటుందో మార్కర్‌తో గుర్తు పెట్టాలి, పంచ్ కొట్టకూడదు. స్ట్రెయిట్ ఎడ్జ్ (తిన్నటి ఉక్కు పట్టీ), ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకులు)తో మూడు చోట్ల సందు చూడాలి. ఉదాహరణకు టయోటా ఏ340 రకం గేర్‌బాక్స్‌కి గేర్ ముఖానికీ స్ట్రెయిట్ ఎడ్జ్‌కీ మధ్య పక్కసందు 0.02 నుంచి 0.05 మి.మీ., 0.1 దాటితే పనికిరాదు. బయటి గేరుకీ బాడీకీ మధ్య 0.07 నుంచి 0.15, హద్దు 0.3. మీ బాక్స్ అంకెలు దాని మాన్యువల్లోనే చూడాలి. కన్వర్టర్ మెడ (సీల్ ఆనే గొట్టం భాగం) మీద గోరు పెట్టి రాస్తే గాడి తగిలిందంటే కన్వర్టరూ మార్చాలి. లేకపోతే కొత్త సీల్ ఎంత మంచిదైనా కారుతుంది. సీల్ పెదవికి ఏటీఎఫ్ గానీ వాసెలిన్ గానీ పూయాలి, మామూలు గ్రీజు వద్దు.

కొత్త పంప్ మొదటి స్టార్ట్‌కే విరగడం వింటుంటాం. అది ఎక్కువగా బిగింపు లోపమే. కన్వర్టర్‌లో కొంత ఏటీఎఫ్ పోసి, తిప్పుతూ లోపలికి నెట్టాలి. రెండు స్ప్లైన్లు (షాఫ్ట్ మీది పళ్ళు), ఆ తర్వాత కన్వర్టర్ తగులుకుని తిప్పే పంప్ గేర్ చెవులు, ఇలా మెట్లుమెట్లుగా లోపలికి దిగుతుంది. చివరి మెట్టు దిగకుండానే దిగిందనుకోవడం చాలా సులభం. పాత కన్వర్టర్‌ని బయటికి లాగేముందే బెల్ హౌసింగ్ (ఇంజన్‌కి బిగించే గేర్‌బాక్స్ ముందుభాగం) అంచు నుంచి అది ఎంత లోతుందో కొలిచి రాసుకుంటే అనుమానం ఉండదు. హౌసింగ్ ఇంజన్‌కి చేత్తోనే ఆనాలి, ఆనాక కన్వర్టర్ చేత్తో తిరగాలి. బోల్టులతో లాగి దగ్గరకు తెస్తుంటే అక్కడే ఆపించండి, గేర్ చెవులు విరిగేది అప్పుడే.

కూలర్ పైపుల్ని తిరగదిశలో ఫ్లష్ చేయకపోతే పాత రజను నేరుగా కొత్త పంప్‌లోకే వస్తుంది. ఆయిల్ లెవెల్‌ని కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రత దగ్గర, చాలా బండ్లలో ఇంజన్ ఆన్‌లో ఉండగా చూడాలి.

ఇప్పటి పరిస్థితి: రావులపాలెం రద్దీలో ఏసీతో నిలబడినా కూత లేదు, రివర్స్ వెంటనే పడుతోంది, బెల్ హౌసింగ్ కింద తడి లేదు. డెల్టా రోడ్లు చదును కాబట్టి జారుడు ఇక్కడ తేలిగ్గా బయటపడదు. మారేడుమిల్లి ఘాట్ ఎక్కించాకే నమ్మకం కుదిరింది. నచ్చనిదొకటే, లేబర్. చిన్న సీల్ కారినా మళ్ళీ బాక్స్ మొత్తం దించాలి, అందుకే సీల్, బుష్ దగ్గర చవకరకం ఒప్పుకోకండి.