బిల్లులో ‘ఈఎంటీ చార్జీ’ 1,500, ఆ అబ్బాయికి దక్కింది 150

మా మామయ్యగారు క్షేమంగా విశాఖ చేరారు. ఐదు రోజుల తరువాత ఇంటికి కూడా వచ్చేశారు. కాబట్టి ఇది కోపంతో రాస్తున్నది కాదు. నర్సీపట్నం వైపు తిరిగే ఒక ప్రైవేటు అంబులెన్స్ సర్వీసు గురించి రాస్తున్నాను, పేరు మాత్రం రాయను. రాస్తే ముందు ఉద్యోగం పోయేది వెనక సీట్లో కూర్చున్న ఇరవై రెండేళ్ల కుర్రాడికి.

నా సంగతి కొంచెం చెప్పాలి. నేను ఏడేళ్లు ఈఎంటీగా (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్, అంటే అంబులెన్స్ వెనక కూర్చుని రోగిని చూసుకునే మనిషి) చేసి మానేసినదాన్ని. ఇప్పుడు ఒక ల్యాబులో రక్తం శాంపిళ్లు తీస్తున్నాను. అంబులెన్స్ తలుపు తెరిస్తే అందరి కళ్లూ స్ట్రెచర్ మీదకి పోతాయి, నావి మాత్రం ఆక్సిజన్ గేజీ మీదకి పోతాయి. అదొక జబ్బు, మానదు.

మామయ్యకి డెబ్బై నాలుగు. బీడీలు మానేసి పదేళ్లయినా వాటి బాకీ ఇంకా తీరలేదు. సీఓపీడీ, అంటే మానని ఊపిరితిత్తుల జబ్బు. ఆ రాత్రి పదకొండింటికి ఆయాసం ఎక్కువై ఊళ్లో ఆసుపత్రికి తీసుకెళ్తే, నెబ్యులైజర్ పెట్టి, ఇంజెక్షన్లు చేసి, విశాఖ తీసుకెళ్లిపొమ్మన్నారు. 108కి ఫోన్ చేశాం. దగ్గర్లో ఉన్న బండి కాన్పు కేసు మీద చింతపల్లి వైపు వెళ్లిందన్నారు. ఆ ఘాట్ రోడ్డు తెలిసినవాళ్లెవరూ వాళ్లని తప్పుపట్టరు. డ్యూటీ డాక్టరు ఇంకా ఆగొద్దనడంతో ప్రైవేటు బండిని పిలిచాం.

ముందు మంచి చెబుతాను. ఫోన్ చేసిన పద్దెనిమిది నిమిషాలకి బండి ఆసుపత్రి గుమ్మం ముందుంది. ఆ సమయంలో అది చిన్న విషయం కాదు. రేటు ముందే చెప్పారు, తరువాత ఒక్క రూపాయి పెంచలేదు. డ్రైవర్ గారికి యాభై ఉంటాయి. బండి దిగగానే పేషెంట్ ఎక్కడని అడిగే ముందు చెప్పులు పక్కన విడిచి చేతులు కడుక్కొచ్చారు. మాకవరపాలెం మీదుగా తాళ్లపాలెం వెళ్లే దారిలో ప్రతి స్పీడ్ బ్రేకర్ ముందూ “బ్రేక్ వస్తందమ్మా, పట్టుకోండి” అని వెనక్కి కేకేసి చెప్పారు. హైవే ఎక్కాక, ముందు ఖాళీ ఉన్నంతసేపూ సైరన్ ముట్టుకోలేదు. ఆయాసంతో ఉన్న మనిషికి ఆ మోత ఎంత టెన్షనో ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు, చూసి నేర్చుకున్నారు. ఇరవై రెండేళ్ల నుంచి బండ్లు నడుపుతున్నారట. డ్రైవింగ్‌కి ఐదుకి ఐదు నక్షత్రాలు, ఇంకొకటి ఉన్నా ఇచ్చేదాన్ని.

ఇక వెనక భాగం. స్ట్రెచర్‌కి మూడు బెల్టులుండాలి, రెండే ఉన్నాయి. గొంతులో అడ్డుపడ్డ కఫం లాగే సక్షన్ మిషన్ ఉంది, దాని ట్యూబ్ ఎండిపోయి వంచితే విరిగేలా ఉంది. గ్లూకోమీటర్ ఉంది, స్ట్రిప్పుల డబ్బా మీద గడువు దాటి నాలుగు నెలలైంది. ఇవన్నీ చెడ్డవే కానీ ఆ రాత్రికి మాకు వాటితో పని పడలేదు.

పని పడింది ఆక్సిజన్‌తో. కుర్రాడు నీలం టీషర్టు వేసుకున్నాడు, వీపు మీద ‘ఈఎంటీ’ అని పెద్ద అక్షరాలు. మామయ్యని పడుకోబెట్టగానే మాస్కు పెట్టి నాబ్ తిప్పేశాడు. ఎంత పెట్టావని అడిగితే “పదక్కా, ఫుల్లు పెట్టేను, భయం లేదు” అన్నాడు. ప్రేమగానే అన్నాడు. నేను గేజీ చూశాను. ముల్లు 50 దగ్గరుంది.

లెక్క తెలియనివాళ్ల కోసం చెబుతున్నా. అంబులెన్సుల్లో పెట్టే బి టైప్ సిలిండర్‌కి నీళ్లు పోస్తే పది లీటర్లు పడతాయి. గేజీలో 150 బార్ (ఒత్తిడి కొలత) ఉంటే అందులో 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉన్నట్టు. 50 ఉంటే 500. నిమిషానికి పది లీటర్ల చొప్పున వదిలితే యాభై నిమిషాల్లో ఖాళీ. మాకు విశాఖ రెండు గంటల ప్రయాణం. అనకాపల్లి దాటకముందే సిలిండర్ అయిపోతుంది. బండిలో రెండోది లేదు.

అదొక ఎత్తు. రెండోది, సీఓపీడీ మనిషికి అంత ఆక్సిజన్ మంచిది కాదు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని, మనిషి మగతలోకి జారిపోవచ్చు. చూసేవాళ్లకి పాపం హాయిగా నిద్రపోతున్నాడు అనిపిస్తుంది. అందుకే ఇలాంటివాళ్లకి శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 88 నుంచి 92 మధ్య ఉంచమంటారు. డాక్టరు రాసిన కాగితంలో ఆ మాట స్పష్టంగా ఉంది: ముక్కు గొట్టంతో రెండు లీటర్లు, 88–92. ఆ కాగితం మడత విప్పకుండా అబ్బాయి జేబులోనే ఉంది.

నేనే అడిగి తీయించాను. ఆసుపత్రి గేటు దాటకముందే బండి ఆపించి డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేస్తే ఆయన రెండు లీటర్లే అని మళ్లీ చెప్పారు. మాస్కు తీసి ముక్కు గొట్టం పెట్టాం. శాచురేషన్ 90 దగ్గర నిలబడింది. ఇప్పుడు అదే 500 లీటర్లు నాలుగు గంటలకి పైగా వస్తాయి. అయినా డ్రైవర్ గారు స్టాండుకి ఫోన్ చేసి, ఇంకో సిలిండర్ దారిలో తెప్పించుకునేదాకా నాకు ఊపిరాడలేదు.

అబ్బాయి ముఖం మాడిపోయింది. కాసేపయ్యాక వాడే అన్నాడు, “నాకు ఎవరూ చెప్పలేదక్కా. ఆయాసమైతే ఫుల్లు పెట్టీమన్నారు.” ఎవరన్నారంటే, వీడికన్నా ముందు ఉన్న కుర్రాడట. పది రోజులు పక్కన కూర్చోబెట్టి నేర్పాడట. ఆ కుర్రాడిప్పుడు ఏం చేస్తున్నాడంటే, అచ్యుతాపురంలో ఫ్యాక్టరీలో చేరాడు. అక్కడ నాలుగు వేలు ఎక్కువ.

కసింకోట దాటాక జీతం అడిగాను. మామూలుగా అడగకూడదు, కానీ నేను ఆ సీట్లో కూర్చున్నదాన్ని కదా. నెలకి తొమ్మిది వేలు, ట్రిప్పుకి 150 బేటా. రోజు విడిచి రోజు ఇరవై నాలుగు గంటల డ్యూటీ. చేరి పద్నాలుగు నెలలైంది, జీతం అంతే ఉంది. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. ఇక్కడొక చిక్కుంది. సాధారణంగా పదిమంది పనిచేసేచోట ఈఎస్ఐ, ఇరవై మంది ఉంటే పీఎఫ్ వర్తిస్తాయి. ఎనిమిది మంది ఉన్న సర్వీసు ఆ రెండింటికీ కింద నుంచి జారిపోతుంది. రోగుల్ని మోసే కుర్రాడికి జ్వరం వస్తే సొంత డబ్బులే.

దిగాక బిల్లు చేతిలో పెట్టారు. బండికి 4,500, ఆక్సిజన్‌కి 1,000, ‘ఈఎంటీ చార్జీ’ 1,500. మొత్తం 7,000. నేను చూసింది మూడో వరుసే. నా దగ్గర తీసుకున్నది ఒక ఈఎంటీకి ఇవ్వాల్సిన డబ్బు. వెనక కూర్చున్నది నేర్పించని హెల్పరు. ఆ 1,500లో పదో వంతు వాడికి దక్కింది.

నా కథ దీనికన్నా గొప్పగా ఏమీ లేదు. నేను కోర్సు చేసి చేరినదాన్ని, ఒక పెద్ద ఆసుపత్రి అంబులెన్సులో. ఏడాదికి ఐదు వందలు పెంచేవారు. ఐదో ఏడు నా ఐడీ కార్డు మీద ‘సీనియర్’ అన్న మాట కొత్తగా వచ్చింది, జీతంలో ఏమీ రాలేదు. ఆ కార్డు లామినేషన్‌కి ముప్పై రూపాయలు నా దగ్గరే తీసుకున్నారు! నైట్ డ్యూటీలో బాత్రూం కోసం ఏ పెట్రోలు బంకులో తలుపుకి గడియ ఉందో గుర్తుపెట్టుకునేదాన్ని. నర్సింగ్ వైపు మారదామని అడిగితే, జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) మొదటి ఏడాది నుంచి మూడేళ్లూ చదవాలన్నారు. ఏడేళ్లు సీపీఆర్ చేసిన చేతులకి ఒక్క నెల కూడా తగ్గింపు లేదు. ఆ చేతులతోనే వచ్చి ల్యాబులో చేరాను. ఇక్కడ జీతం పెద్ద ఎక్కువేం కాదు, రాత్రి ఇంట్లో పడుకుంటున్నాను.

మన దగ్గర ఈ పనికి ఒక గౌరవం తెచ్చింది 108. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైంది. డ్రైవర్‌ని పైలట్ అనడం, వెనక మనిషిని ఈఎంటీ అనడం మన ఊళ్లకి అలాగే అలవాటైంది. 2020 జులై 1న విజయవాడలో 108, 104 కలిపి 1,088 కొత్త బండ్లు ప్రారంభించిన రోజు, ఈఎంటీలకి సర్వీసును బట్టి 20 వేల నుంచి 30 వేల వరకు, పైలట్లకి 18 వేల నుంచి 28 వేల వరకు ఇస్తామని అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించారు. నాకు ఆ అంకెల కన్నా ‘సర్వీసును బట్టి’ అన్న మాట నచ్చింది. ఆరేళ్లు చేసినవాడికి, ఆరు నెలలు చేసినవాడికి తేడా ఉందని ఒప్పుకోవడం అది. ప్రైవేటు బండ్లలో నేను చూసినంతవరకు ఆ మాటే లేదు.

బండికి మాత్రం కొలతలున్నాయి. ఏఐఎస్-125 అని ఒక ప్రమాణం ఉంది. అంబులెన్సుల్ని ఎ, బి, సి, డి అని నాలుగు రకాలు చేసి, ఏది ఎలా ఉండాలో చెబుతుంది. సి అంటే బేసిక్ లైఫ్ సపోర్ట్, డి అంటే అడ్వాన్స్‌డ్. బి అయితే రోగిని మామూలుగా ఒకచోటు నుంచి ఇంకోచోటుకి తీసుకెళ్లేది. మేమెక్కినదాన్ని చూస్తే బి, ఫోన్లో చెప్పింది సి. మనుషుల విషయానికి వస్తే 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వచ్చింది, ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టుని కూడా ఆ జాబితాలో చేర్చారు. చదువు, రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకే ఆ పేరు అనేది అసలు ఉద్దేశం. మా కుర్రాడి టీషర్టు దాకా ఆ చట్టం ఇంకా రాలేదు.

నాతో కోర్సు చేసిన అమ్మాయి ఇప్పుడు ఇంగ్లండులో వృద్ధుల కేర్ హోములో ఉంది. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో డాక్టర్లు తప్ప దాదాపు అందరికీ బ్యాండ్లు, అంటే జీతాల మెట్లు, ఉంటాయి. కొత్తగా పాసైన పారామెడిక్ ఐదో బ్యాండులో చేరి, తర్వాత ఆరుకి వెళ్తారు. ఏ మెట్టు మీద ఎంతో ముందే కాగితం మీద ఉంటుందట. అదేమీ స్వర్గం అనడం లేదు, జీతాలు చాలవని 2022 డిసెంబరులో అక్కడి అంబులెన్స్ వాళ్లూ సమ్మె చేశారు. కానీ మెట్లంటూ ఉంటే ఎక్కడ ఆగిపోయామో చెప్పి అడగడానికి వీలుంటుంది.

యజమానితో ఫోన్లో మాట్లాడాను. మర్యాదగానే మాట్లాడారు. “అమ్మా, నేర్పితే విశాఖ ఆసుపత్రులకి పోతారు. నేర్పకపోతే మీరిలా అంటారు” అన్నారు. డీజిలు, ఇన్సూరెన్సు, వాయిదాలు అన్నీ చెప్పారు. అందులో సగం నిజమే. మరి ఈఎంటీ పేరుతో తీసుకున్న 1,500 మాటేంటండీ అని అడిగితే అది ‘ప్యాకేజీ’ అన్నారు. పోయేవాళ్లు నేర్చుకున్నందుకు పోవడం లేదు, పద్నాలుగు నెలలైనా తొమ్మిది వేలే ఉంటే పోతున్నారు అన్నాను. చూస్తానన్నారు.

ఆయన చూడాల్సింది పెద్ద లెక్కేం కాదు. ట్రిప్పుకి వసూలు చేస్తున్న ఆ 1,500లో 500 వెనక మనిషికి ఇస్తే, నెలకి ఇరవై ట్రిప్పులకి పదివేలు. మొదటి ఏడాది దాటినవాడికి వెయ్యి పెంచి, కోర్సు ఫీజులో సగం భరించి, రెండేళ్లు ఉండాలని కాగితం రాయించుకుంటే, నేర్చుకున్నవాడు అచ్యుతాపురం బస్సెక్కడు. యజమానికి అప్పటికీ ట్రిప్పుకి వెయ్యి మిగులుతుంది.

మొత్తం మీద ఐదుకి రెండు. ఆ రెండూ డ్రైవర్ గారివే. మళ్లీ పిలుస్తానా అంటే, పిలుస్తాను. అర్ధరాత్రి ఫోన్ ఎత్తింది వీళ్లే. కానీ మీరు పిలిస్తే, తలుపు వేసేలోపు గేజీ ముల్లు ఎక్కడుందో చూడండి, రెండో సిలిండర్ ఉందా అడగండి, డాక్టరు కాగితం వెనక కూర్చున్నవాళ్ల చేత పైకి చదివించండి. బిల్లులో ఈఎంటీ చార్జీ కనిపిస్తే, ఆ మనిషికి అందులో ఎంతొస్తుందో ఓనర్నే అడగండి.

విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్ దగ్గర దిగాక ఆక్సిజన్ లెక్క బిల్లు వెనక రాసి అబ్బాయికి ఇచ్చాను: గేజీ అంకెని పదితో హెచ్చవేయి, లీటర్లతో భాగించు, వచ్చినవి నిమిషాలు. టీ తాగమని డబ్బులిస్తే వద్దన్నాడు, కాగితం మాత్రం తీసుకున్నాడు. నిన్న వాట్సాప్‌లో ఫోటో పంపాడు. బండిలో మందుల అర తలుపుకి ప్లాస్టర్‌తో అంటించాడు. కింద ఒక ప్రశ్న: “అక్కా, మీరు చేసిన కోర్సుకి ఫీజెంత?”