వీడ్‌లెస్ జిగ్ రివ్యూ: మన చెరువుల్ల కొర్రమీనుకు పనికొస్తదా?

చెత్తల ఇరుక్కోకుండ చేసిన సీసం తల గాలాన్ని వీడ్‌లెస్ జిగ్ అంటరు, ఆన్‌లైన్‌ల గవి మూడు కలిపి ఒక పాకెట్ వస్తది చూడుండ్రి, అట్ట మీద నోరు తెరిచిన అమెరికా చేప బొమ్మ ఉంటది, గదే తెప్పించిన. ఆ బొమ్మల చేప లార్జ్‌మౌత్ బాస్, మన నల్గొండ దిక్కు చెరువుల్ల అది దొరకది, మనకు ఉన్నది కొర్రమీను. కానీ రెండిటి బుద్ధి చాలావరకు ఒకటే, నీడ చూసుకొని చెత్త సందుల్ల దాక్కుంటయి, ముంగట నుంచి ఏదన్న కదిలితే గుటుక్కున మింగుతయి. అందుకే దానికోసం చేసిన గాలం దీనికి గూడ నడుస్తదని కొన్న. నడుస్తది, కానీ పాకెట్ చింపి అట్లనే ఏస్తే నడవది, అసలు ఈ రివ్యూ రాసేది గందుకే.

వస్తువు సంగతి చెప్తే, సీసం తల, దాంట్లకెళ్ళి ఒక్కటే పెద్ద కొక్కెం, కొక్కెం ముల్లుకు అడ్డంగ తలల నుంచి లేసిన నైలాన్ పోగుల గుత్తి, చుట్టూ సిలికాన్ కుచ్చు. మా కట్ట మీద రోజూ గాలమేసే మామ ఒకాయన చేతిల పట్టుకొని చూసి "ఇదేంది అల్లుడా, గాలానికి పొరక కట్టిండ్రు" అన్నడు. ఆ పొరకే వీడ్ గార్డ్. నాచు, తామర కాడ, జమ్ము తగిలితే ఆ పోగులు పక్కకు తోస్తయి, చేప నోరు మూస్తే మాత్రం వంగి ముల్లు బయటికి రావాలె. ఈ పాకెట్ల పోగులు మరీ మందం, మరీ బిరుసు, బొటనవేలుతోని నొక్కితేనే సరిగ్గ వంగుతలేవు, ఇగ చేప ఏం వంచుతది. కత్తెర పట్టి పోగుల్ల కొన్నిటిని మొదలుకాడ కోసి పలచగ చెయ్యాలె, మిగిలినయి ముల్లు కన్న రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే పైకి ఉండేటట్టు కొసలు కత్తిరించాలె, తర్వాత వేలుతోని విసనకర్ర తీరు రెండు దిక్కులకు పరచాలె. మొత్తం పీకేస్తె మల్ల మామూలు గాలమే అయితది, చెత్తల ఇరుక్కుంటది.

కుచ్చు గూడ పొడుగే ఇచ్చిండ్రు, కొక్కెం వంపు దాటినంక కొంచెం ఉంచి కోసెయ్యుండ్రి. ఎనక తగిలించే ట్రెయిలర్, అంటే రబ్బరు రొయ్యనో కప్పనో, పాకెట్ల రాదు, విడిగ కొనాలె. అది వంకర లేకుండ తిన్నగ ఎక్కాలె, వంకర ఎక్కితే లాగినప్పుడు గిరగిర తిరిగి దారం మెలిపడుతది. ఒక చుక్క ఫెవిక్విక్ పెడితే జారకుండ ఉంటది.

రాడ్ ఏడు అడుగులది, బిరుసుల మీడియం హెవీకి తక్కువ అయితే వద్దు, దారం బ్రెయిడ్, అంటే అల్లిన దారం, ముప్పై పౌండ్ల బరువు పైన ఆగేది, ముడి పాలొమార్ అనేది. కొర్రమీను నోరు ఎముక గట్టిది, మెత్తటి రాడ్‌తోని ముల్లు దిగది, పైగ పండ్లకు దారం గీరుకుపోతది, ఒక చేప పడ్డంక కొస దారం వేళ్ళతోని తడిమి చూసి గరుకు తగిలితే కోసి మల్ల ముడెయ్యాలె.

ఏసుడు గురించి చెప్పాలంటే దూరం ఇసిరే పని కాదిది. మిషన్ కాకతీయల మట్టి తీసిన గుంతల అంచులుంటయి గదా, తామరాకుల నడుమ ఖాళీలుంటయి, తూము పక్క జమ్ము ఉంటది, అక్కడికి దగ్గరికెళ్ళి సప్పుడు గాకుండ దించాలె. జిగ్ అడుగుకు దిగేటప్పుడే చానాసార్లు పట్టుకుంటది, అప్పుడు దారం మరీ బిగిచ్చొద్దు, మరీ వదులొద్దు, దారాన్నే చూస్తుండాలె, ఉన్నట్టుండి పక్కకు జరిగినా అడుగు తాకకముందే ఆగినా వదులు దారం చుట్టి రాడ్‌ను గట్టిగ పైకి కొట్టుడే. ఏం కాకుంటే రాడ్ కొస జానెడు ఎత్తి దించుకుంట, చెత్త మీదికెళ్ళి మెల్లగ గుంజుకుంట రావాలె, తగులుకుంటే గుంజొద్దు, కొసను వణికిస్తే విడిపోతది.

కొర్రమీను గాలి పీల్చుకునేటందుకు పైకి వస్తది, బుడగ కనబడ్డకాడ రబ్బరు కప్పనే ఏస్తరు అందరు. దానికంటె ఇది బెటరా అంటె, గుర్రపుడెక్క మందంగ పరుసుకున్నకాడ కాదు. ఈ పద్నాలుగు గ్రాములది ఆ పరుపును చీల్చుకొని దిగది, అక్కడ కప్పే రాజు. సన్న దారం లెక్క ఉండే పాచిల గూడ వేస్ట్, ప్రతిసారి ముద్ద పట్టుకొస్తది. కానీ ఎండ ఎక్కినంక చేప లోపలికి దిగి కప్పను పట్టించుకోనప్పుడు ఖాళీల్ల ఇదే పనిచేసింది నాకు.

పాకెట్ల ఒకటి తల వెడల్పుగ, దారం కట్టే కన్ను నెత్తిన ఉన్నది వచ్చింది, ఫుట్‌బాల్ హెడ్ అంటరు, అది చెత్తకు కాదు, రాళ్ళకు. చెరువుల్ల చెత్తను పట్టుకొస్తది, దేవరకొండ దిక్కు సాగర్ బ్యాక్‌వాటర్ రాళ్ళల్ల అయితే బాగ దొర్లుకుంట వస్తది. నాచుకు కావాల్సింది మూతి సన్నగ ఉండి కన్ను ముందుకు ఉన్నది, కొనేటప్పుడు ఫొటో దగ్గరికి చేసి చూసుకోండి.

రంగు రాళ్ళకు తగిలి తొందరనే లేచింది, అది నాకు లెక్కగాదు. కొక్కెం మందం బాగనే ఉన్నది, ముల్లు మాత్రం మొద్దుది, గోరు మీద పెడితే జారింది, ఆకురాయి పట్టినంకనే పని. మూడు జిగ్గులు మూడు వందల లోపు వచ్చినయి కాబట్టి ఐదుల మూడున్నర ఇస్త, కత్తెర, ఆకురాయి పట్టే ఓపిక లేనోళ్ళకు రెండే.

సర్కారు చెరువుల్ల వదిలే చేపపిల్లలల్ల బొచ్చె, రోహు, బంగారుతీగ ఉంటయి, అవి దీన్ని పట్టుకోవు, వాటికోసం కొనకుండ్రి. చెరువు సొసైటోళ్ళను అడగకుండ ఏయొద్దు, వాళ్ళ బతుకది. వానకాలంల నీళ్ళ మీద ఎర్రగ కొర్రమీను పిల్లల గుంపు కనబడితే తల్లో తండ్రో కిందనే కాస్తుంటది, దాని జోలికి పోకుండ్రి, కోపానికి జిగ్ మీద పడుతది గని దాన్ని తీస్తే పిల్లలన్ని ఖతం. ఎండకాలం నీళ్ళు తక్కువున్న కుంటలకు పద్నాలుగు గ్రాములు బరువెక్కువ, బురదల కూరుకపోతది, ఏడు గ్రాములది గానీ పది గ్రాములది గానీ చూసి కొనుండ్రి.