టీవీ రికార్డింగుకి ఏది మేలు: డీటీహెచ్ పెట్టా, డీవీడీ రికార్డరా, ఫ్రీ డిష్ బాక్సా?

శ్రీరామనవమి దగ్గరపడితే చాలు, మా చుట్టాల్లో ఎవరో ఒకరి నుంచి ఫోను వస్తుంది. "బావా, ఈసారి భద్రాచలం కల్యాణం రికార్డు చేసి పెట్టుకోవాలి, ఏం కొనమంటావు?" అని. మా వీధిలో మొట్టమొదట డీవీడీ రికార్డర్ కొన్నది నేనేనన్న పాపానికి ఈ ప్రశ్న నాకు తప్పదు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ ఒకేసారి రాసేస్తున్నాను. మొన్న సంక్రాంతికి నేనూ నా సరంజామా అంతా మార్చేశాను కాబట్టి సంగతులు తాజాగానే ఉన్నాయి.

ముందు ఒక మాట. సీరియల్ ఒక రోజు తప్పిపోతే మర్నాడు చూసుకోవాలన్నదే మీ అవసరమైతే ఏమీ కొనకండి. ఈటీవీ విన్, జీ5, జియోహాట్‌స్టార్, సన్ నెక్స్ట్‌లలో అవన్నీ ఉంటాయి. నేను చెప్పేది టీవీలో ఒక్కసారి వచ్చి మళ్లీ కనబడని వాటి గురించి. మేనకోడలి కూచిపూడి, ఊళ్లో జాతర మీద వార్త, మనకు తెలిసినవాళ్లు మాట్లాడిన ఆరు నిమిషాలు, అలాంటివి.

ఆ ఆరు నిమిషాలు ఊరికే అనలేదు. 2022 మొదట్లో, నల్ల తామర పురుగు మా ఖమ్మం వైపు మిరపతోటల్ని ఊడ్చిపెట్టేసిన సీజన్లో, మా నాన్న దూరదర్శన్ వాళ్ల యాదగిరి చానల్ వ్యవసాయ కార్యక్రమంలో మాట్లాడాడు. తోటలో నిలబడి, తలకి తువ్వాలు చుట్టుకుని, పూత లోపల పురుగు ఎలా దాక్కుంటుందో పువ్వు విప్పి చూపించాడు. అప్పుడు మా ఇంట్లో డీటీహెచ్ రికార్డింగ్ పెట్టె ఉండేది. ఎర్ర బటన్ నొక్కాను, రికార్డయింది. అమ్మ ఎన్నిసార్లు వేయించుకుందో లెక్కలేదు. మరుసటి ఏడాది వేసవిలో పిడుగుపాటుకి ఆ పెట్టె పోయింది. కంపెనీ కుర్రాడు వచ్చి పాతది పట్టుకెళ్లి కొత్తది బిగించాడు. "లోపల డిస్క్ బాగానే ఉండుంటుంది, అదొక్కటీ ఇవ్వు బాబూ" అంటే, "ఇచ్చినా మీకు పనికిరాదు సార్, వేరే పెట్టెలో తెరుచుకోదు" అన్నాడు. నిజమే చెప్పాడు. అప్పటికి నాన్న పోయి మూడు నెలలు.

అందుకే ఎవరు అడిగినా నేను వేసే మొదటి ప్రశ్న ఒకటే. రికార్డు చేసింది ఆ పెట్టెలోంచి బయటికి వస్తుందా, రాదా? బొమ్మ నాణ్యత, ఎన్ని గంటలు పడుతుంది, రిమోట్ ఎలా ఉంది, ఇవన్నీ ఆ తరవాతే.

ఇక డీటీహెచ్ రికార్డింగ్ పెట్టెల సంగతి. మన దేశంలో వీటిని టాటా స్కై ప్లస్ 2008లో ఇంటింటికీ పరిచయం చేసింది. తరవాత మిగతా కంపెనీలూ తెచ్చాయి. కొన్నిట్లో హార్డ్‌డిస్క్ లోపలే ఉంటుంది, కొన్నిట్లో మనమే వెనక యూఎస్‌బీకి తగిలించుకోవాలి. వాడకంలో వీటికి సాటి లేదు, ఒప్పుకోవాల్సిందే. సీరియల్ పేరు మీద ఒక్కసారి నొక్కితే రోజూ దానంతట అదే రికార్డు చేసుకుంటుంది. రెండు ట్యూనర్లు, అంటే చానల్ పట్టుకునే భాగాలు, ఉన్న పెట్టెలో ఒక చానల్ రికార్డవుతుంటే ఇంకోటి చూడొచ్చు. ఫోనొస్తే బొమ్మ ఆపి, మాట్లాడి, మళ్లీ అక్కణ్నుంచే చూడొచ్చు. హెచ్‌డీ చానల్ హెచ్‌డీలోనే నిలుస్తుంది.

కానీ ఆ రికార్డింగుకి తాళం ఉంటుంది, తాళంచెవి పెట్టె కడుపులో ఉంటుంది. డబ్బు కట్టే చానళ్ల సిగ్నల్ గిలకొట్టి వస్తుంది కదా, దాన్ని విప్పి చూపించేది పెట్టె. డిస్కు మీద రాసేటప్పుడు మాత్రం తన సొంత తాళం వేసి మరీ రాస్తుంది. ఆ డిస్కు తీసి కంప్యూటర్‌కి పెడితే "ఫార్మాట్ చేయమంటారా" అని అడుగుతుంది. పొరపాటున సరే అన్నారా, ఉన్నది కాస్తా తుడిచిపెట్టుకుపోతుంది. విచిత్రమేమిటంటే దూరదర్శన్ లాంటి ఉచిత చానల్ కూడా ఆ పెట్టె ద్వారా రికార్డయితే ఆ తాళం కిందికే వెళ్తుంది. పైగా చందా ఆపేస్తే చాలా పెట్టెల్లో పాత రికార్డింగులు కూడా తెరుచుకోవు. అంటే మన జ్ఞాపకానికి మనమే నెలనెలా అద్దె కట్టాలి. వారం పది రోజుల్లో చూసి చెరిపేసే వాటికైతే ఇది బంగారం. దాచుకునే వాటికి కాదు.

డీవీడీ రికార్డర్ మీద నాకు ఇప్పటికీ మమకారమే. నాది 2007లో కొన్నాను. డిస్కు పెట్టి, బటన్ నొక్కి, రెండు గంటల తరవాత చేతికొచ్చిన డిస్కు మీద మార్కర్‌తో పేరు రాసుకోవడంలో ఒక తృప్తి ఉండేది. 4.7 జీబీ డిస్కులో ఎక్స్‌పీ మోడ్‌లో అయితే గంట, ఎస్‌పీలో రెండు, ఎల్‌పీలో నాలుగు, ఈపీలో ఆరు గంటలు. ఆరు గంటల మోడ్‌లో తీస్తే మనుషుల ముఖాలు గళ్లుగళ్లుగా కనబడతాయి, దాని జోలికి పోవద్దు. చివర్లో ఫైనలైజ్ చేయడం, అంటే ఇంకే ప్లేయర్‌లోనైనా ఆడేలా డిస్కును ముగించడం, మరిచిపోతే ఆ డిస్కు ఇంకే ప్లేయర్‌లోనూ ఆడదు. ఈ సంగతి తెలియక మా పెదనాన్న గారి షష్టిపూర్తి డిస్కు చుట్టాలందరికీ పంచి మాట పడ్డాను.

దాని కథ మారింది కేబుల్ డిజిటల్ అయినప్పుడు. హైదరాబాద్, విశాఖపట్నాలకు 2013 మార్చి 31 గడువు, మిగతా ఊళ్లకు ఆ తరవాత. అప్పటిదాకా రికార్డర్‌లో ఉన్న ట్యూనరే కేబుల్ వైరు నుంచి చానళ్లు పట్టుకునేది. సెట్‌టాప్ బాక్స్ వచ్చాక ఆ ట్యూనర్ దండగ. బాక్సు వెనక పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరు తీసి రికార్డర్‌కి కలిపితే బాక్సులో ఏ చానల్ ఆడుతుందో అదే రికార్డవుతుంది. కల్యాణం మధ్యలో ఎవరైనా చానల్ మార్చారో, తలంబ్రాల చోట సబ్బు ప్రకటన రికార్డవుతుంది. మా ఇంట్లో అయింది. కరెంటు పోతే ఇంకా నష్టం. డిస్కు సగంలో ఆగితే అప్పటిదాకా రాసింది కూడా చాలాసార్లు చదవదు. హెచ్‌డీఎంఐ నుంచి తీద్దామంటే కాపీ కాకుండా దానికి వేరే కాపలా ఉంది. పిన్నుల వైరుతో వచ్చేదేమో పాతకాలపు బొమ్మే, ఇప్పటి పెద్ద టీవీల్లో మసకగా కనబడుతుంది. కొత్త బాక్సుల్లో చాలావాటికి ఆ మూడు రంధ్రాలే లేవు. కొత్త రికార్డరూ దొరకదు, సెకండ్‌హ్యాండే గతి.

జపాన్లో ఉన్న మా తమ్ముడు మాత్రం నవ్వుతాడు. అక్కడ బ్లూరే రికార్డర్లు ఇంకా దుకాణాల్లో అమ్ముతున్నారట. అక్కడా పూర్తి స్వేచ్ఛ లేదు లెండి. టీవీ నుంచి హార్డ్‌డిస్కులోకి ఎక్కినదాన్ని తొమ్మిదిసార్లు కాపీ చేసుకోవచ్చు, పదోసారికి అసలుదే డిస్కులోకి వెళ్లిపోతుంది. 2008 జులై నుంచి ఈ లెక్క నడుస్తోంది. అయినా మన డీటీహెచ్ వాళ్లు ఒక్కసారి కూడా బయటికి పోనివ్వనిచోట, వాళ్లు పదిసార్లు పోనిచ్చారు! అయితే సోనీ 2025 ఫిబ్రవరిలో ఖాళీ బ్లూరే డిస్కుల తయారీ ఆపేసింది కాబట్టి అక్కడా ఈ పద్ధతి ముసలిదవుతోందనే అనుకోవాలి.

ఇక ఫ్రీ డిష్. దూరదర్శన్ వాళ్లది, 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. నెలవారీ చందా లేదు. ఊళ్లల్లో దీన్ని "డబ్బులు కట్టని డిష్" అంటారు, పట్నంలో వాళ్లు చిన్నచూపు చూస్తారు. నేనూ చూశాను, చాలా ఏళ్లు. అయితే దీని చానళ్లకు తాళం లేదు. గాల్లోంచి ఎలా వస్తుందో అలాగే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కుతుంది. ఆ పెన్‌డ్రైవ్ తీసి కంప్యూటర్‌కి పెడితే మామూలు ఫైలు. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో ఆడుతుంది, కత్తిరించుకోవచ్చు, వాట్సాప్‌లో అక్కకి పంపొచ్చు, పది కాపీలు తీసి పది చోట్ల దాచొచ్చు. పెట్టె మంటల్లో పడినా ఫైలు మనదే. నాకు కావలసింది ఇదొక్కటే, అది ఇక్కడ దొరికింది.

కొనేటప్పుడు కొన్ని సంగతులు చూసుకోవాలి. బాక్సు ఎంపెగ్-4దే (బొమ్మని కుదించి పంపే కొత్త పద్ధతి) అడగండి. పాత ఎంపెగ్-2 పెట్టెలో కొన్ని చానళ్లు రావు. వెనకో ముందో యూఎస్‌బీ రంధ్రం ఉన్నంత మాత్రాన రికార్డు చేస్తుందని కాదు, కొన్ని పెట్టెలు పాటలు, ఫొటోలు చూపించి ఊరుకుంటాయి. దుకాణంలోనే పెన్‌డ్రైవ్ పెట్టించి ఒక నిమిషం రికార్డు చేయించి, దాన్ని అక్కడి కంప్యూటర్లో ఆడించి చూసి మరీ తీసుకోండి. దుకాణం అతను విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. ఫ్రీ డిష్ చానళ్లు వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది, అంటే మనకి ఆగ్నేయం వైపు. ఇంటికి ఆ దిక్కున కొబ్బరిచెట్టో అపార్ట్‌మెంటో అడ్డుంటే ముందే ఆలోచించుకోవాలి.

బిగించాక మొదట గడియారం సరిచేయండి. చాలా బాక్సులు జీఎంటీలో వస్తాయి, 5:30 కలపాలి. అది చూసుకోక నేను మొదటి వారం పెట్టిన టైమర్లన్నీ తప్పాయి. డీటీహెచ్‌లో లాగా కార్యక్రమం పేరు నొక్కితే సరిపోదు, గంట నిమిషం మనమే వేయాలి. దూరదర్శన్ సమయపాలన తెలిసిందే కాబట్టి ముందు పది నిమిషాలు, వెనక అరగంట ఎక్కువే పెడతాను. మామూలు చానల్ గంటకి ఒకటి నుంచి రెండు జీబీ దాకా తింటుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే నాలుగు జీబీ దగ్గర ఫైలు ముక్కలవుతుంది, కంగారు పడకండి, అన్ని ముక్కలూ ఉంటాయి. హార్డ్‌డిస్కు పెడితే కొన్ని బాక్సుల యూఎస్‌బీ ఇచ్చే కరెంటు దానికి చాలదు, టిక్కుటిక్కుమంటూ ఆగిపోతుంది. విడిగా అడాప్టర్ ఉన్న కేసు తీసుకోవాలి. నేను ఆ తిప్పలు పడలేక 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో రికార్డు చేసి, ఆదివారం ఆదివారం కంప్యూటర్లోకి ఎక్కించుకుంటున్నాను. కరెంటు పోతే అప్పటివరకు రికార్డయింది సాధారణంగా మిగులుతుంది. ఈ ఒక్క విషయంలోనే డీవీడీని ఓడించేసింది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. తెలుగులో మీకు ఇష్టమైన డబ్బు చానళ్లు ఇందులో రావు, హెచ్‌డీ మీద ఆశ పెట్టుకోవద్దు. ఒక చానల్ రికార్డవుతుంటే ఇంకోటి చూడటం చాలా పెట్టెల్లో కుదరదు. మీ అవసరం దూరదర్శన్ తెలుగు చానళ్లు యాదగిరి, సప్తగిరి చుట్టూ తిరిగితే ఇది చాలు. లేకపోతే చాలదు.

టీవీకే పెన్‌డ్రైవ్ పెట్టి రికార్డు చేసే మోడళ్లు కొన్నున్నాయి. అవి కూడా ఎక్కువగా ఆ టీవీలోనే ఆడేలా తాళం వేస్తాయి. కొనేముందు అడగండి, అంతకంటే చెప్పడానికేమీ లేదు. తెర ముందు ఫోన్ పట్టుకుని తీయడం గురించి అడిగినవాళ్లున్నారు. ఏమీ లేనిదానికంటే నయం. యూట్యూబ్‌లో ఉంటుందిగా అనేవాళ్లకు: ఉంటే చూడండి, కానీ నాన్న కార్యక్రమం కోసం నేను వెతికినన్ని చోట్ల ఎక్కడా లేదు.

ఇప్పుడు మా ఇంట్లో రెండు డిష్‌లున్నాయి. హాల్లో అందరూ చూసేది డీటీహెచ్‌దే, దాన్ని తీసేసే ధైర్యం నాకు లేదు. లోపలి గదిలో ఫ్రీ డిష్ బాక్సు రికార్డింగుకే. దాని రిమోట్ బీరువా మీద ఉంటుంది, మనవడికి అందదు. దాచాల్సినవి రెండు హార్డ్‌డిస్కుల్లో, ఒకటి నా దగ్గర, ఒకటి అక్క దగ్గర.

డీవీడీ రికార్డర్ అమ్మేద్దామనుకుని ఆగిపోయాను. పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్లను డిస్కులోకి ఎక్కించడానికి దానికంటే సులువైన యంత్రం ఇంట్లో లేదు. బూజు పట్టిన టేపు వీసీఆర్ హెడ్‌ని పాడుచేస్తుంది కాబట్టి ముందు తుడిపించుకోవాలి, అంతే. ప్రస్తుతం అది పక్కవీధి లెక్కల మాస్టారి ఇంట్లో ఉంది, 1994 నాటి వాళ్ల పెళ్లి క్యాసెట్ల కోసం. రెండు అయ్యాయట, అప్పగింతల క్యాసెట్ మిగిలిందట.