డ్రాఫ్టా, కమాండరా, డి అండ్ డీయా: గేమ్ షాపు బల్లలకు ఏది మేలు?

అమెరికాలో చిన్న గేమ్ షాపుకు ఆటల సాయంత్రం ఎంత మిగిల్చిందో తేలాలంటే అన్ని ఆటలకూ ఒకే కొలత పెట్టాలి. రెండు ఆరడుగుల మడత బల్లలు, నాలుగు గంటల సమయం, కౌంటర్లో ఒక మనిషి. గంటకు 15 డాలర్లనుకుంటే ఆ మనిషి జీతమే 60. షాపు ఎలాగూ తెరిచి ఉండే వేళయితే దాన్ని పక్కన పెట్టొచ్చు. ఈవెంట్ కోసమే పదకొండు దాకా షట్టర్ ఎత్తి ఉంచితే మాత్రం ముందు ఆ 60 తీసేయాలి. ఇక్కడి ధరలు లెక్క కోసం అనుకున్నవి, మీ ఇన్వాయిస్ చూసి మార్చుకోండి.

ముందు మ్యాజిక్ అనే కార్డుల ఆటలో బూస్టర్ డ్రాఫ్ట్: అక్కడికక్కడే కొత్త ప్యాకులు విప్పి, ఒక్కో కార్డు ఏరుకుంటూ మిగతావి పక్కవారికిచ్చి, ఏరుకున్నవాటితో ఆడడం. ఫ్రైడే నైట్ మ్యాజిక్ 2000 నుంచీ నడుస్తున్న ఆనవాయితీ కాబట్టి శుక్రవారం అనగానే అందరికీ ఇదే గుర్తొస్తుంది. రెండు బల్లలు జతచేస్తే ఎనిమిది మంది పడతారు. మనిషికి మూడు ప్యాకులు చొప్పున 24. డబ్బాకు 36 ప్యాకులు వచ్చే రోజుల్లో బహుమతులకు 12 మిగిలేవి. ఇప్పుడు చాలా సెట్లకు (ఒక్కో విడతగా వచ్చే కొత్త కార్డులకు) 30 మాత్రమే వస్తున్నాయి, అంటే మిగిలేవి ఆరు. ఎనిమిది మందితో మూడు రౌండ్లు ఆడితే మూడూ గెలిచేది ఒక్కరు, రెండు గెలిచేవాళ్లు ముగ్గురు. మొదటివారికి మూడు ప్యాకులు, ఆ ముగ్గురికీ ఒక్కోటి ఇస్తే డబ్బా సరిగ్గా ఖాళీ. ఆరూ ఒక్కరికే కట్టబెడితే ఓడిన కొత్తవాళ్లు మూడో వారం కనబడరు.

ఎంట్రీ 20 డాలర్లయితే వసూలు 160. ప్యాక్ మూడున్నరకు పడితే ఖర్చు 105, చేతికి 55. బాగానే ఉందనిపిస్తుంది. కానీ అవే 30 ప్యాకులు అల్మారాలో ఐదున్నర చొప్పున అమ్ముడుపోతే 165 వచ్చేది, అంటే 60 మిగిలేది! కాబట్టి డ్రాఫ్ట్ అనేది ఈవెంట్ వేషం కట్టిన ప్యాకుల అమ్మకం. సరుకు కదలని సెట్‌కు అది మందు. స్టాకు దొరక్క జనం ఎగబడుతున్న సెట్‌ను డ్రాఫ్టులో పెట్టడం చేతిలో డబ్బు వదులుకోవడమే. పైగా 55 మీద 60 జీతం పడితే నష్టం. ఒకే మనిషి చూసుకునేలా 16 మంది, రెండు గుంపులు రాకపోతే శుక్రవారం రాత్రి గిట్టదు. ఏడుగురే వస్తే రౌండుకొకరు ఊరికే కూర్చోవాలి. ఎనిమిదో కుర్చీలో స్టాఫే కూర్చుంటే పోతుంది, కానీ గల్లాపెట్టె దగ్గర ఇంకొకరు ఉండాలి.

కమాండర్ కూడా మ్యాజికే, ఎవరి డెక్ (కార్డుల కట్ట) వాళ్లు తెచ్చుకుని నలుగురేసి ఆడేది. ఇందులో ఎంట్రీ చిన్నది. ఐదు డాలర్లు తీసుకుని లోపలికి రాగానే ఒక ప్యాక్ ఇస్తే, ఎనిమిది మంది మీద మిగిలేది 12 డాలర్లే. అసలు డబ్బు గాజు అరలోని విడి కార్డుల్లో ఉంది. వంద కార్డుల డెక్, ప్రాథమిక నేల కార్డులు (బేసిక్ ల్యాండ్స్) తప్ప ఏదీ రెండోసారి ఉండకూడదు. అందుకే ఆ డెక్ ఎప్పటికీ పూర్తయినట్టుండదు. ఎనిమిది మందిలో నలుగురు తలా పది డాలర్ల విడి కార్డులు కొంటే, సగం ధరకు కొనిపెట్టుకున్న షాపుకు ఇంకో 20. కార్డులకు తొడిగే స్లీవులూ అంతే: చాలా ప్యాకెట్లలో వందే ఉంటాయి, డెక్‌కూ వందే కావాలి, ఒక్కటి చిరిగితే రంగు కలవదని ఇంకో ప్యాకెట్ కొంటారు.

ఇక్కడ షాపులు చేసే తప్పు విడి కార్డుల కౌంటర్‌ను ఎనిమిదింటికే మూసేయడం. ఆటలో ఓడినవాడికి "ఆ కార్డు నా దగ్గరుంటేనా" అనిపించేది తొమ్మిదిన్నరకు. గెలిచినవాడికి బహుమతి పెట్టడం రెండో తప్పు. సరదాకి వచ్చిన నలుగురిలో ఒకడు నాలుగో టర్నుకే ముగించే డెక్ తెస్తే మిగతా ముగ్గురి సాయంత్రం పాడవుతుంది. మ్యాజిక్ తయారుచేసే విజార్డ్స్ కంపెనీ డెక్ బలాన్ని బట్టి 2025లో తెచ్చిన ఐదు బ్రాకెట్లను పట్టీలుగా రాసి బల్లకొకటి అంటించండి, కూర్చునేముందే గొడవ తెగుతుంది.

డి అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్) అంటే తలా ఒక పాత్ర వేస్తూ పాచికలతో కథ నడిపే ఆట. దీనికి సరుకు ఖర్చే లేదు. బల్లకు ఐదుగురు, కథ నడిపించే ఒక డంజన్ మాస్టర్. తలా ఐదు డాలర్లయితే రెండు బల్లలకు 50. ఒక్కో మాస్టర్‌కు 15 డాలర్ల షాపు క్రెడిట్ ఇచ్చినా షాపుకు పడేది ఎనిమిదేసి డాలర్ల సరుకు. 34 మిగులుతుంది. ఖాళీగా ఉండే మంగళవారానికి మంచిదే. కొనుగోళ్లు మాత్రం పాచికల సెట్టుతో మొదలై అక్కడే ఆగిపోతాయి, ఐదుగురూ ఒకే పుస్తకం తిప్పుకుంటారు. స్నేహం కుదిరిన గుంపు రెండు నెలల్లో ఎవరింటికో మారిపోతుంది. ఒక్క రాత్రిలో ముగిసే కథలు పెట్టి, కుర్చీలు ముందే అమ్మితే కొంత నయం. రెండు బల్లలూ పక్కపక్కనే వేయకండి, మాస్టర్ల గొంతులు పోటీపడి ఎవరికీ ఏమీ వినబడదు.

బొమ్మల సైన్యాలతో యుద్ధం ఆడే వార్‌హామర్‌కైతే 2000 పాయింట్ల (సైన్యం పరిమాణం) ఆటకు 44 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు కావాలి. అంటే రెండు బల్లలూ కలిపి ఇద్దరికే, అదీ మూడు గంటలు. ఆట బదులు బొమ్మలకు రంగులేసే రాత్రి పెట్టండి: అదే చోట ఎనిమిది మంది పడతారు, రంగు సీసా అయిపోయినవాడు అక్కడికక్కడే కొంటాడు.

వారంలో ఒక్క సాయంత్రమే కుదిరితే మా ఓటు కమాండర్‌కే. డ్రాఫ్ట్ 30 ప్యాకులు కరిగించి 55 తెస్తే, ఇది ఎనిమిది ప్యాకులతో 32 తెస్తుంది, మిగతా 22 అల్మారాలో ఉంటాయి. మీ షాపులో ఏది నిజమో తేల్చుకోవాలంటే బిల్లింగులో ఈవెంట్ రాత్రి అమ్మకాలకు విడిగా ఒక కోడ్ పెట్టి, ఎనిమిది వారాల మొత్తాన్ని ఈవెంట్ లేని ఎనిమిది వారాల్లో అదే రోజు అమ్మకాలతో పోల్చండి. కూల్ డ్రింకుల ఫ్రిజ్‌నూ ఆ కోడ్ కిందే వేయండి, చాలామంది మరిచిపోయేది దాన్నే.