బాస్ డీఎస్-1 డిస్టార్షన్ పెడల్: ఏడాది వాడాక

ఈ రివ్యూ ఆర్నెల్ల కిందటే రాయాల్సింది. నాకూ మా మేనల్లుడికీ మాట కుదరక ఆగింది. వాడు ఇంజినీరింగ్ రెండో ఏడాది. వారానికి రెండు రోజులు గిటార్ క్లాసుకి వెళ్తాడు, తాళం లెక్కపెట్టే మెట్రోనోమ్ టక్‌టక్ లేనిదే తీగ ముట్టుకోడు. నాకు నలభై నాలుగేళ్లు. కాలేజీ రోజుల్లో క్యాసెట్ వెనక్కి తిప్పుకుంటూ, విన్నది విన్నట్టు వెతుక్కుంటూ నేర్చుకున్న బాపతు. పదిహేనేళ్లు అటక మీదున్న గిటార్‌ని కిందటేడు దించి, తీగలు మార్పించి, ఒక చిన్న ఆంప్ (గిటార్ శబ్దం పెంచే స్పీకర్ పెట్టె), దాంతోపాటు ఈ పెడల్ కొన్నాను.

ముందు వస్తువు సంగతి. గిటార్‌కీ ఆంప్‌కీ మధ్య తగిలించి, గిటార్ శబ్దాన్ని గరుకుగా మార్చేది ఇది. అరచేతిలో పట్టే గట్టి లోహపు డబ్బా, నారింజ రంగు. 1978లో వచ్చింది, ఇప్పటికీ దాదాపు అదే రూపం. ఎడమ నుంచి టోన్ (శబ్దం పదును), లెవెల్ (ఎంత గట్టిగా), డిస్ట్ (ఎంత గరుకుగా) అని మూడు నాబ్‌లు, అంతే. కాలితో నొక్కితే మోత మొదలు, మళ్లీ నొక్కితే ఆపు. రెండుసార్లు చేజారి గచ్చు మీద పడింది. గచ్చుకే గీత పడింది.

పెట్టెలో అడాప్టర్ రాదు, విడిగా కొనుక్కోవాలి. ఇక్కడ జాగ్రత్త. మా వీధి చివర ఎలక్ట్రానిక్స్ షాపతను "తొమ్మిది వోల్టులే కదా సార్, ఏదైనా ఒకటే" అని ఒకటి చేతిలో పెట్టాడు. వోల్టులు సరిపోయినా చాలదు, పిన్ను మధ్యలో నెగటివ్ ఉండాలి. అతనిచ్చింది పాజిటివ్. అడాప్టర్ మీది బొమ్మ చూడబట్టి గుచ్చకుండా వెనక్కిచ్చాను. బ్యాటరీ మీద వాడేవాళ్లు వాయించడం అయ్యాక ఇన్‌పుట్ కేబుల్ పీకేయండి. అది ఉన్నంతసేపూ బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది. నేను రెండు బ్యాటరీలు తగలేశాక తెలుసుకున్నాను.

ఇక మోత. టోన్ నాబ్‌ని గడియారంలో పన్నెండు దాటించారా, చెవిలో కందిరీగ దూరినట్టే. డిస్ట్ కూడా పూర్తిగా తిప్పితే కింది ఫ్లాట్ పిన్నిగారు "మిక్సీ రిపేరుకొచ్చిందా బాబూ?" అని అడిగారు. ఎగతాళి కాదు, నిజంగానే అడిగారు. ఒంటరిగా వింటే ఈ పెడల్ మోత కొంచెం బొంగురు, కొంచెం పలచన. డ్రమ్స్, బేస్ ఉన్న ట్రాక్ మీద వాయిస్తే మాత్రం ఆ గరుకే పనికొస్తుంది, వాటి మధ్యలోంచి గిటార్ పైకి వినిపిస్తుంది.

మా తగువు మొదలైంది ఇది ఎవరి పెడల్ అన్న దగ్గర. నేను కొన్నది నిర్వాణా బ్యాండ్ కర్ట్ కొబేన్ వాడాడని. మావాడు వాయించడానికి ఒప్పుకున్నది గిటార్ ఉద్దండులు జో సాట్రియానీ, స్టీవ్ వై వాడారని. ముగ్గురూ వాడినమాట నిజమే. సాట్రియానీ గురువు, వై కుర్రాడిగా ఉన్నప్పుడు ఆయన దగ్గరే నేర్చుకున్నాడు, మెటాలికా బ్యాండ్ కిర్క్ హామెట్ కూడా శిష్యుడే. సాట్రియానీ అంటే 1987లో పాడేవాడు లేకుండా గిటార్‌తోనే ఒక ఆల్బమ్ నడిపించి లక్షల కాపీలు అమ్మించిన మనిషి. కొబేన్ ఆ బడి కాదు. 1991లో ప్రపంచమంతా మోగిన ఆయన పాట "స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్"లో సోలో, అంటే గిటార్ ముందుకొచ్చి మోగే ముక్క, ఏమిటయ్యా అంటే, పాడిన వరసనే గిటార్ మీద మళ్లీ వాయించడం.

"నాలుగు కార్డులు మావయ్యా, ఎవడైనా వాయిస్తాడు" అన్నాడు మావాడు. కార్డంటే కొన్ని స్వరాలు ఒకేసారి మోగించడం.

"వాయించు."

వాయించాడు. తాళం తప్పలేదు, ఒక్క స్వరం పక్కకి పోలేదు. అయినా పాట రాలేదు. మళ్లీ రికార్డింగ్ పెట్టుకుని విన్నాం. కొబేన్‌ది ఎడమచేతి వాటం. కార్డుకీ కార్డుకీ మధ్య కుడిచేతి వేళ్లు తీగల మీద ఊరికే ఆనించి రెండో చేత్తో బరుకుతాడు. స్వరం ఉండదు, "చిక్ చిక్" మని మద్దెల మీద దెబ్బలా పడుతుంది. అది తప్పనుకుని మావాడు చక్కగా తుడిచేశాడు! తర్వాత దాన్ని పెట్టి వాయించడానికి వాడికి వారం పట్టింది. క్లాసులో స్వరం లేని దెబ్బకి మార్కులుండవు కాబట్టి ఆ పని చేతికి అలవాటు లేదు.

నేను గెలిచాననుకున్నానా, మర్నాడు వాడు ఫోన్ చేసి అంటించాడు. చరణంలో మెల్లగా, పల్లవిలో ఒక్కసారిగా బద్దలయ్యే ఆ పద్ధతి కొబేన్ కనిపెట్టింది కాదట. పిక్సీస్ అనే బ్యాండ్‌ని కాపీ కొట్టబోయానని ఆయనే 1994లో ఇంటర్వ్యూలో ఒప్పుకున్నాడు. ఆ రిఫ్ (పాటలో పదేపదే వచ్చే గిటార్ వరస) కూడా బోస్టన్ అనే బ్యాండ్ 1976 నాటి పాటకి దగ్గరగా ఉందని అప్పట్లోనే అనుకున్నారు. నిర్వాణా వాళ్లే 1992లో ఇంగ్లండ్‌లోని రెడింగ్ సంగీతోత్సవం వేదిక మీద ముందు ఆ బోస్టన్ పాట అందుకుని, తర్వాత తమది వాయించి సరదా చేశారు. "మీ ఒరిజినాలిటీ ఏది మావయ్యా?" అన్నాడు. రెండు రోజులు జవాబు దొరకలేదు.

దొరికింది పెడల్ దగ్గరే. డిస్టార్షన్ అంటే శబ్ద తరంగం పైకొసలు, కిందికొసలు కత్తిరించడం. రెండు తీగలు కలిపి కత్తిరిస్తే ఆ రెంటి కలయికలోంచి కొత్త శబ్దాలు పుడతాయి. స, ప కలిపితే వాటి నిష్పత్తి 3:2, పుట్టే కొత్త శబ్దం సరిగ్గా కింది షడ్జం మీద పడుతుంది. అందుకే రెండు వేళ్లతో పట్టిన కార్డు గోడంత లావుగా వినిపిస్తుంది. అందులో గాంధారం కలపండి, గిటార్ మెట్ల మీది గాంధారం ఆ లెక్కకి అంత కచ్చితంగా అతకదు, అంతా గజిబిజి అవుతుంది. ఈ డబ్బాతో ఎక్కువ తెలిసినవాడు ఎక్కువ వేళ్లు పెడితే చెడిపోతుంది. ఏం వాయించకూడదో చెవితో పట్టుకోవడాన్ని మావాడి సిలబస్ నైపుణ్యం కింద లెక్కేయదు. నేను లెక్కేస్తాను.

ఇందాకటి నా గెలుపు కూడా సగమే. డిస్ట్ పెంచితే మెల్లగా మీటినా గట్టిగా మీటినా ఒకే ఎత్తున వస్తుంది, వేగంగా వేళ్లు పరిగెత్తించేవాడికి అది పండగ. కానీ వాయించని తీగలు కూడా గుయ్యిమంటుంటాయి. మావాడు కుడి అరచేతి అంచుతో వాటిని అణచిపెడుతూ సాట్రియానీ పలుకు ఒకటి వాయించాడు, ఒక్క తీగ కూడా అదనంగా మోగలేదు. నేను అదే చేయబోతే పిన్నిగారి మిక్సీ. తప్పులు కప్పేస్తుందని ఈ పెడల్ కొనేవాళ్లుంటే మానుకోండి, ఇది మైకు పెట్టి మరీ చెబుతుంది.

మధ్యలో పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ గారి మాట వచ్చింది. ఎనిమిది తీగల మాండొలిన్‌ని అయిదు తీగల ఎలక్ట్రిక్ వాద్యంగా మార్చుకుని గమకాలు పలికించిన మనిషి ఎవరి పక్షం? ఇద్దరం ఆయన మాదంటే మాదన్నాం. మా అక్క "అన్నం చల్లారిపోతోంది" అంది.

కొనొచ్చా? ఈ బ్రాండ్‌లో చవకైన వాటిలో ఇదొకటి, మొదటి డిస్టార్షన్ పెడల్‌గా కొనొచ్చు. ఆంప్ మరీ చిన్నదైతే మాత్రం ముందు షాపులో వాయించి చూసుకోండి. ఆంప్‌నే కొంచెం చీలేట్టు పెట్టి, పెడల్‌లో డిస్ట్ తొమ్మిది దగ్గర, లెవెల్ మూడు దగ్గర పెడితే ఆ పలచదనం చాలావరకు పోయింది. నాబ్‌ల చుట్టూ స్కెచ్ పెన్‌తో గుర్తులు పెట్టుకున్నాం, నావి నలుపు, వాడివి ఎరుపు. డిస్ట్ దగ్గర మా గుర్తులు చెరో కొసన ఉన్నాయి. టోన్ దగ్గర మాత్రం రెండూ పదకొండు మీదే.